‘మానేశాను’ అన్న మాట ఖరీదు

2023 ఆగస్టు చివరి వారంలో ఒక మధ్యాహ్నం, విశాఖలో రుషికొండ దగ్గర కొండ మీదున్న మా ఆఫీసులో, అద్దాల గదిలోకి నన్ను పిలిచి హెచ్‌ఆర్ అధికారిణి నా ముందు ఒక కాగితం పెట్టారు. అది నా రాజీనామా. నేను రాసినట్టుగా వాళ్ళే టైపు చేయించి ఉంచారు. వ్యక్తిగత కారణాల వల్ల ఉద్యోగ బాధ్యతల నుంచి తప్పుకుంటున్నానన్న ఒకే ఒక్క వాక్యం, దాని కింద నా పేరు, ఉద్యోగి సంఖ్య, తేదీ అన్నీ సిద్ధంగా ఉన్నాయి, లేనిదల్లా సంతకమే. ప్రాజెక్టు ఆగిపోయిందనీ, మా జట్టులో పదకొండు మందిని తగ్గిస్తున్నారనీ ఆవిడ నోటితో చెప్పారు గానీ, ఆ సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. సంతకం పెడితే ఒక నెల జీతం అదనంగా ఇచ్చి, ఏ మచ్చా లేని రిలీవింగ్ లెటర్ ఇస్తామన్నారు. పెట్టకపోతే తొలగించినట్టు రాయవలసి వస్తుందనీ, అది ముందుముందు నాకే ఇబ్బంది అవుతుందనీ ఎంతో మర్యాదగా సెలవిచ్చారు. నేను నాలుగు నిమిషాలు కూడా ఆలోచించలేదు. సంతకం పెట్టిన పెన్ను కూడా వాళ్ళదే.

ఆ సంతకం ఖరీదు ఎంతో లెక్క తేలడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఉద్యోగం పోయినవాడికి మన దేశంలో ఏమీ దొరకదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. దొరికేది తక్కువే, కాని బొత్తిగా లేకపోలేదు. ఆ ఉన్న కొంచెమూ ‘నన్ను తీసేశారు’ అని కాగితం చూపించగలిగిన వాడికే దక్కుతుంది. మనమేమో పరువు కోసం ‘నేనే మానేశాను’ అని రాసిచ్చి బయటికొస్తాం. నా వాదన అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

పరువు అన్నమాట ఊరికే వాడలేదు. మా నాన్నగారు షిప్‌యార్డులో చేరి, అక్కడే పదవీ విరమణ చేసిన మనిషి. ఆయన దృష్టిలో ఉద్యోగం నుంచి బయటికి రావడానికి ఉన్న దారి ఒక్కటే, అది శాలువా కప్పించుకుని రావడం. మధ్యలో ఇంటికి పంపారంటే ఏదో తప్పు చేసే ఉంటాడన్నది ఆ తరం నమ్మకం. ఆ సాయంత్రం విషయం చెబితే ఆయన మొదట అడిగింది డబ్బు గురించి కాదు, ‘కింద వాటా వాళ్ళకి ఏమని చెప్పావు?’ అని. మానేశానని చెప్పానన్నాను. ‘మంచి పని చేశావు’ అన్నారు. మానేయడంలో ఒక అధికారం ఉంది, ఏదో మెరుగైనది చూసుకున్నాడన్న ధ్వని ఉంది. తీసేశారంటే బేరం పోయిన సరుకు. కంపెనీలు ఈ సంగతి మనకంటే బాగా కనిపెట్టాయి. మన సిగ్గును వాళ్ళు మన దగ్గరే ఒక నెల జీతానికి కొంటారు.

నాకు కళ్ళు తెరిపించింది మా బావమరిది. అతను గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫాబ్రికేషన్ యూనిట్‌లో వెల్డరు, జీతం 18,200 రూపాయలు. 2024 జనవరిలో వాళ్ళ యూనిట్‌కు ఆర్డర్లు తగ్గి, పద్నాలుగు మందిని పిలిచి ఇలాంటి కాగితాలే ఇచ్చారు. పదకొండు మంది సంతకం పెట్టేశారు. మా వాడూ, మరో ఇద్దరూ పెట్టలేదు. ముందు రోజే వాళ్ళకు తెలిసిన ఒక పాత యూనియన్ పెద్దాయన, ‘వాళ్ళు తీసేస్తామంటే తీసెయ్యనియ్యండి, మీరు మాత్రం మానకండి’ అని గట్టిగా చెప్పాడట. ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతూ, నా విషయం గుర్తొచ్చి, ‘ఏటి బావా, నువ్వు అడిగీగానే సంతకం పెట్టీసినావా?’ అన్నాడు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. ఇంజినీరింగ్ చదివినవాడికి ఈపాటి తెలియదా అన్న నిజమైన ఆశ్చర్యం ఉంది, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అతనికి ఏం దక్కిందో ముందు చెబుతాను. పది రోజులు నానబెట్టిన తరువాత యూనిట్ వాళ్ళు పని తగ్గినందువల్ల తొలగిస్తున్నామని రాసి ఉత్తరం ఇచ్చారు. అప్పుడు అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ అనే సెక్షన్ ఉంది. ఏడాదికి తగ్గకుండా నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి తొలగించాలంటే కారణం రాసి నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి, పనిచేసిన ప్రతి పూర్తి సంవత్సరానికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చెల్లించాలి, ప్రభుత్వానికి తెలియజేయాలి. ఏడాదిలో 240 రోజులు పని చేస్తే దాన్ని పూర్తి ఏడాదిగానే లెక్కిస్తారు. మా వాడి సర్వీసు ఆరేళ్ళు. నోటీసు బదులు జీతం 18,200, పరిహారం 54,600. ఐదేళ్ళు దాటింది కనుక గ్రాట్యుటీ, అంటే సర్వీసు లెక్కన ఇచ్చే సొమ్ము, వేరే వచ్చింది: బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 13,000, దాన్ని 26తో భాగించి, పదిహేనుతోనూ, ఆరుతోనూ గుణిస్తే 45,000. గ్రాట్యుటీ రాజీనామా చేసినవాళ్ళకూ వస్తుంది కాబట్టి దాన్ని సంతకం ఖరీదులో కలపకూడదు. తక్కిన 72,800 మాత్రం తొలగింపు ఉత్తరం వల్ల వచ్చినదే. పెట్టిన పదకొండు మందికీ చేతిలో పడింది ఒక నెల జీతం.

అసలు ముచ్చట ఆ తరువాత ఉంది. వెల్డరు జీతం 21,000 లోపు కనుక అతను ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) పరిధిలో ఉన్నాడు. ప్రతి నెలా అతని జీతం చీటీలో 137 రూపాయలు కోత కనబడేది. అది జీతంలో ముప్పావు శాతం. యజమాని మరో మూడుంపావు శాతం కడతాడు. ఈఎస్ఐ అంటే మనవాళ్ళకు మల్కాపురం ఆసుపత్రి, అక్కడి మందుల వరుస, డాక్టరు సంతకం పెట్టిన సెలవు చీటీ. ఆ 137లో నిరుద్యోగ భీమా కూడా ఉందని ఆ పద్నాలుగు మందిలో ఒక్కరికీ తెలియదు. నాకు అసలే తెలియదు.

అక్కడ రెండు పథకాలున్నాయి, రెండింటినీ జనం కలగలిపేస్తుంటారు. పాతది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2005 ఏప్రిల్ 1 నుంచి ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం తొలగింపు జరిగినా, పనితో సంబంధం లేని ప్రమాదం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం కలిగినా, మొదటి పన్నెండు నెలలు రోజువారీ సగటు వేతనంలో సగం, తరువాతి పన్నెండు నెలలు పావు వంతు చెల్లిస్తారు. భత్యం వచ్చినన్నాళ్ళూ కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం ఆగదు. కొత్తది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, 2018 జూలైలో మొదలైంది. అది జీవితంలో ఒక్కసారి, గరిష్ఠంగా తొంభై రోజులకు ఇచ్చేది. మొదట సగటు ఆదాయంలో 25 శాతం ఉండేది. కరోనా కాలంలో, 2020లో, దాన్ని 50 శాతానికి పెంచారు. ఉద్యోగం పోయిన తొంభై రోజులకు గాని అడగరాదన్న నియమాన్ని ముప్పై రోజులకు తగ్గించి, యజమాని ద్వారా పంపించే పని లేకుండా కార్మికుడే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. కనీసం రెండేళ్ళు భీమా ఉన్న ఉద్యోగంలో ఉండాలి, ఉద్యోగం పోవడానికి ముందరి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు తగ్గకుండా చందా పడి ఉండాలి, అంతకుముందరి మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలోనూ అలాగే పడి ఉండాలి. దుష్ప్రవర్తనకు శిక్షగా ఉద్యోగం పోయినవాళ్ళకూ, స్వచ్ఛందంగా విరమించుకున్నవాళ్ళకూ వర్తించదు.

ఇక్కడే ఆ కాగితం అడ్డం పడుతుంది. రెండు పథకాల్లోనూ కీలకం ఒకటే, ఉద్యోగం నీ ఇష్టం లేకుండా పోవాలి. వ్యక్తిగత కారణాల వల్ల తప్పుకుంటున్నానని స్వయంగా సంతకం చేసినవాడు, అది నా ఇష్టం కాదని ఏ కిటికీ దగ్గర ఎవరికి నచ్చజెబుతాడు? మా వాడి చేతిలో తొలగింపు ఉత్తరం ఉంది కాబట్టి పాత పథకానికే దరఖాస్తు పెట్టాడు. నేనూ వెంట వెళ్ళాను. ఫారంలో యజమాని నింపి సంతకం చేయవలసిన భాగం ఉంటుంది. యూనిట్‌లో గుమాస్తా ఆ పేజీని మూడు వారాలు సొరుగులో పెట్టుకున్నాడు. మిగిలిన పని అనుకున్నంత కష్టం కాలేదు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, తొలగింపు ఉత్తరం, పరిహారం ముట్టినట్టు కాగితం చూపించాక, రోజుకు సుమారు 300 రూపాయల లెక్కన ఖాతాలో పడడం మొదలైంది. జూలైలో అచ్యుతాపురం వైపు మరో పని దొరికేదాకా, అయిదు నెలలపాటు నెలకు దగ్గర దగ్గర తొమ్మిది వేలు వచ్చింది. అద్దె ఆరు వేలు. ఆ తొమ్మిది వేలతో ఇల్లు నడవదు. నిజమే. అయితే అద్దె కోసం మా చెల్లెలి మెడలో గొలుసు తాకట్టుకు వెళ్ళలేదు. (మా ఇళ్ళల్లో బావమరిది పెళ్ళాన్ని చెల్లెలనే పిలుస్తాం.)

ఈ సంగతులు చెబితే మా వీధిలో ఒకాయన, ‘ఓహో, నిరుద్యోగ భృతా! అది ఇంకా ఇస్తున్నారా?’ అన్నాడు. ఆ మాటతో వచ్చిన చిక్కే అది. మన రాష్ట్రంలో నిరుద్యోగ భృతి అంటే ఎన్నికల మాట. 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి రూపాయలతో మొదలైంది, ఎన్నికల ముందు రెండు వేలకు పెరిగింది, ప్రభుత్వం మారాక ఆగింది. 2024 ఎన్నికల్లో మూడు వేలుగా మళ్ళీ వాగ్దానమైంది. ఇది ఇంకా ఉద్యోగం దొరకని చదువుకున్న యువతకు ప్రభుత్వం చేసే సాయం. ఉన్న ఉద్యోగం పోయినవాడి సంగతి వేరు. మా వాడు తీసుకున్నది సాయం కాదు, నెల నెలా జీతంలోంచి తాను కట్టుకున్న భీమా. ఈ రెండింటికీ తేడా తెలియక, అడగడానికే మొహమాటపడి, కట్టిన భీమాను వదులుకున్నవాళ్ళు ఆ పదకొండు మందిలోనే ఉన్నారు.

ఇక నా సంగతి. నా జీతం 75,000, ఈఎస్ఐ పరిధి కాదు. ‘కార్మికుల చట్టాలు మనకెందుకు వర్తిస్తాయి’ అనుకోవడం నా రెండో తప్పు. పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుడు ఎవరన్నది జీతాన్ని బట్టి కాక చేసే పనిని బట్టి చూసేది. నైపుణ్యంతో, సాంకేతికంగా, గుమాస్తాగా చేసే ఏ పనైనా అందులోకి వచ్చేది. మేనేజర్లకూ, పది వేలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లకూ ముఖ్యంగా మినహాయింపు. నేను కంప్యూటరు మీద పైపింగ్ డ్రాయింగులు గీసే డిజైన్ ఇంజినీరును. నా కింద ఒక్క మనిషి పని చేయలేదు, ఎవరి సెలవు కాగితం మీదా నేను సంతకం పెట్టలేదు. మెడలో వేలాడే కార్డు మీద ‘సీనియర్’ అని ఉన్నంత మాత్రాన చట్టం దృష్టిలో నేను అధికారినై పోలేదు. నా సర్వీసు నాలుగేళ్ళ మూడు నెలలు. తొలగించినట్టు రాయించుకుని ఉంటే నోటీసు జీతం కాక, నాలుగేళ్ళకు సగం జీతం చొప్పున లక్షా యాభై వేలు నేను గట్టిగా అడగదగిన మొత్తం. ఆదాయపు పన్ను చట్టంలో 10(10బి) కింద ఇలాంటి పరిహారానికి అయిదు లక్షల దాకా మినహాయింపు ఉండేది. కంపెనీ దయతో ఇచ్చిన నెల జీతానికి మాత్రం ఏ మినహాయింపూ లేదు, అది జీతం కిందే లెక్క.

పన్ను లెక్క కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగం పోయిన ఏడాదిలో పన్ను ఉండదులే అని రిటర్ను వేయడం మానేసేవాళ్ళు చాలామంది. కంపెనీ ఏప్రిల్‌లోనే మన ఏడాది జీతాన్ని అంచనా వేసి, పన్నును పన్నెండు భాగాలు చేసి కోస్తుంది. 2023-24లో నా అంచనా జీతం తొమ్మిది లక్షలు. కొత్త పన్ను విధానంలో ప్రామాణిక తగ్గింపు యాభై వేలు పోను ఎనిమిదిన్నర లక్షలు. దాని మీద పన్ను 40,000, సెస్సుతో 41,600. నెలకు దాదాపు 3,467. ఆగస్టుతో ఉద్యోగం పోయేసరికి అయిదు నెలల్లో పదిహేడు వేల పైచిలుకు కోసేశారు. మరి ఆ ఏడాది నాకు నిజంగా వచ్చినదెంత? అయిదు నెలల జీతం, అదనపు నెల జీతం, ఫిబ్రవరి నుంచి చేరిన కొత్త ఉద్యోగంలో రెండు నెలలకు లక్షా ఇరవై వేలు. వెరసి అయిదు లక్షల డెబ్భై వేలు. ఆ ఏడాది కొత్త విధానంలో ఏడు లక్షల ఆదాయం దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కనుక నేను కట్టవలసిన పన్ను సున్నా. కోసిన ప్రతి రూపాయీ నాదే, కాని అది దానంతటదే నడిచి రాదు. జీతం, కోసిన పన్ను చూపించే ఫారం 16 పాత కంపెనీది, కొత్త కంపెనీది రెండూ దగ్గర పెట్టుకుని, మన పేరిట జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో చూసుకుని, 2024 జూలై 31 లోపు రిటర్ను వేస్తే ఆగస్టులో వెనక్కి వచ్చింది. ఇప్పుడు 2025-26 నుంచి రిబేటు పరిమితి పన్నెండు లక్షలకు పెరిగింది కాబట్టి, ఏడాదికి పద్దెనిమిది, ఇరవై లక్షల జీతం ఉండి మధ్యలో ఉద్యోగం పోయినవాళ్ళకు వెనక్కి రావలసిన మొత్తం ఇంకా పెద్దదే అవుతుంది.

దీనికి తిరగబడ్డ ప్రమాదం కూడా ఒకటుంది. కొత్త కంపెనీలో చేరేటప్పుడు పాత జీతం వివరాలు ఇవ్వకపోతే, వాళ్ళూ మొదటి నుంచీ లెక్క కట్టి ప్రామాణిక తగ్గింపు, పన్ను లేని శ్లాబు రెండోసారి ఇచ్చేస్తారు. జీతాలు పెద్దవైతే జూలైలో రిటర్ను వేసేటప్పుడు ఒక్కసారిగా వేలల్లో బాకీ తేలుతుంది. నా జీతానికి ఆ బాధ రాలేదు, నా సహోద్యోగికి వచ్చింది.

పీఎఫ్ (భవిష్య నిధి) దగ్గర మాత్రం నేను మునిగిపోయేవాణ్ణే. రెండు నెలలు ఖాళీగా ఉన్నాక మొత్తం తీసుకోవచ్చు, నెల తరువాతే 75 శాతం తీసుకోవచ్చు అన్నది అప్పటి నిబంధన. ఖాతాలో మూడు లక్షల నలభై వేల పైన ఉంది. ఫారం 19 నింపి, పంపించే మీట నొక్కబోతూ, ఎందుకో డాబాగార్డెన్స్‌లో మా కుటుంబానికి పన్ను లెక్కలు చూసే పెద్దాయనకు ఫోన్ చేశాను. ‘ఐదేళ్ళు నిండాయా?’ అన్నారు. నిండలేదన్నాను. ‘అయితే పది శాతం టీడీఎస్ కోసేస్తారు బాబూ, అక్కడితో ఆగదు. కంపెనీ వేసిన వాటా, వడ్డీ నీ ఆదాయంలో కలుస్తాయి. ఇన్నాళ్ళూ పీఎఫ్ పొదుపుకు 80సి కింద తీసుకున్న పన్ను తగ్గింపు కూడా తవ్వి తీస్తారు’ అన్నారు. యాభై వేలు, ఆ పైన తీసే మొత్తానికి ఐదేళ్ళ సర్వీసు లేకపోతే ఇదీ నియమం. పాన్ ఇవ్వకపోతే కోత ఇరవై శాతం. ఫారం 15జి ఇస్తే కోయరని అప్పట్లో నెట్ సెంటర్లలో అందరికీ తెలుసు, కాని ఏడాది మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా అయ్యేవాడే దాన్ని ఇవ్వాలన్నది ఎవరూ చెప్పేవారు కాదు.

ఆయన మరో మాట కూడా అన్నారు. కంపెనీ వ్యాపారం తగ్గడం వల్లనో, మూతపడడం వల్లనో, మన చేతిలో లేని ఇంకో కారణం వల్లనో ఉద్యోగం పోతే, ఐదేళ్ళు నిండకపోయినా ఆ సొమ్ముకు పన్ను ఉండదట. అప్పటి ఆదాయపు పన్ను చట్టం నాలుగో షెడ్యూలులో ఆ నిబంధన స్పష్టంగా ఉండేది. ‘నీ దగ్గర అలాంటి ఉత్తరం ఏమైనా ఉందా?’ అని అడిగారు. నా దగ్గర ఉన్నది వ్యక్తిగత కారణాలు. అద్దాల గదిలోని ఆ కాగితం మూడోసారి నా ముందుకొచ్చి కూర్చుంది.

బయటపడే దారి ఆయనే చూపించారు. దీనికి ముందు 2015 నుంచి 2019 దాకా హైదరాబాదులో పనిచేశాను, ఆ పీఎఫ్ అక్కడే పడి ఉంది. పాత ఖాతాలోని సొమ్మును కొత్త ఖాతాలోకి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది, ఎనిమిదేళ్ళవుతుంది, పన్ను బాధ పోతుంది. వినడానికి సులువు. చేయబోతే నా పేరే అడ్డం పడింది. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాత కంపెనీలో ఎవరో గుమాస్తా దాన్ని ఒక్క అక్షరానికి కుదించి పేరు చివర తగిలించాడు. పుట్టిన తేదీలో నెలా రోజూ తారుమారు. ఉద్యోగం మానిన తేదీ అసలు వేయనే లేదు. ఈ మూడూ సరిచేయడానికి ఉమ్మడి ధృవీకరణ పత్రం మీద ఆ పాత యజమాని ఆమోదం కావాలి. మెయిళ్ళకు జవాబు లేక, ఒక రాత్రి రైలెక్కి హైదరాబాదు వెళ్ళాను. ఆఫీసు మాదాపూరు నుంచి వేరే చోటికి మారిపోయింది. అక్కడి కుర్రవాడు తెర మీద నా పేరు చూసి, ‘సార్, మీ ఇంటిపేరు ఏది, పేరు ఏది?’ అని అడిగినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సరిచేయడం, బదిలీ అన్నీ కలిపి ఏడు వారాలు. అప్పటికి కొత్త ఉద్యోగం మాట దాదాపు ఖాయమైంది, పీఎఫ్ తీయవలసిన అవసరమే తప్పింది. పెన్షన్ వాటా కోసం ఫారం 10సి కూడా పెడదామనుకున్నవాణ్ణి, అదీ మానుకున్నాను. పదేళ్ళు నిండితే పెన్షనుకు అర్హత వస్తుంది, నాకు ఎనిమిది అయ్యాయి.

పీఎఫ్‌ను నిరుద్యోగ భీమాలా వాడుకోమనడం నాకు మొదటి నుంచీ నచ్చని సంగతి. అది ముసలితనానికి దాచుకున్నది. ఉద్యోగం పోయిన ప్రతిసారీ దాన్ని తిని బతకమంటే, రేపటి అన్నాన్ని ఇవాళే వడ్డించుకోమనడమే. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ కేంద్ర ధర్మకర్తల మండలి నిబంధనలు మార్చాలని నిర్ణయించింది: ఉద్యోగం పోగానే 75 శాతం తీసుకోవచ్చు, మిగిలిన పావు వంతు మాత్రం పన్నెండు నెలలు ఖాళీగా ఉంటేనే. దాని మీద పెద్ద గొడవే అయింది. మా స్నేహితులందరూ తిట్టారు, నాకు మాత్రం అందులో కొంత న్యాయం కనిపించింది. కాకపోతే ఆ పావు వంతును ఆపే ప్రభుత్వం, ఆ పన్నెండు నెలలు మనిషి దేనితో బతకాలో కూడా చెప్పాలి. ఈఎస్ఐలో జీతం 21,000 దాటితే నిరుద్యోగ భీమా కూడా ఎందుకు ఆగిపోవాలి? ఆసుపత్రి వద్దనుకునేవాడికి వద్దు, సరే. ఆ ముప్పావు శాతంలో చిన్న ముక్క కట్టించుకుని భత్యం వరకైనా అందరికీ ఇవ్వవచ్చు. 22,000 జీతగాడికి ఉద్యోగం పోతే 20,000 జీతగాడికంటే తక్కువ ఆకలి వేస్తుందా?

నా వాదనకు ఎదురు వాదన లేకపోలేదు. తొలగింపు ఉత్తరం పట్టుకుని వెళితే తరువాతి ఉద్యోగంలో పాత చరిత్ర ఆరా తీసేవాళ్ళు అనుమానిస్తారన్నది ఒట్టి బెదిరింపు కాదు. మా బావమరిదికి ఆ భయం లేదు, వెల్డింగు చేసి చూపిస్తే చాలు. నాలాంటివాళ్ళకు ఉంటుంది. అయినా పని తగ్గి తొలగించడం వేరు, తప్పు చేసినందుకు తీసేయడం వేరు. ఉత్తరంలో పని తగ్గిందన్న కారణం రాసి ఉంటే అది నా మచ్చ కాదు, కంపెనీ పరిస్థితి. ఎలాగూ రాజీనామాయే రాయక తప్పని పరిస్థితి వస్తే, ‘ప్రాజెక్టు ముగిసినందున, సంస్థ కోరిన మీదట’ అన్న మాటలైనా అందులో పడేలా చూసుకోవాలి. ఆ గదిలో చెప్పినదంతా అదే రోజు మెయిల్‌లో రాసి, అలా జరిగిందని ఒప్పించుకోవాలి. అప్పట్లో కార్మిక శాఖకు ఫిర్యాదు చేసి, 45 రోజుల్లో రాజీ కుదరకపోతే నేరుగా మన విశాఖలోని లేబర్ కోర్టుకే వెళ్ళే దారి ఉండేది. నేను వెళ్ళలేదు. సంతకం ఉన్న కాగితంతో వెళ్ళి గెలిచేంత ఓపిక నాకు లేకపోయింది, అది నా బలహీనత.

2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు వచ్చాయి. తొలగించినా, రాజీనామా చేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలంటున్నారు. తొలగించిన కార్మికుడికి పదిహేను రోజుల వేతనం పునర్నైపుణ్య నిధి (కొత్త పని నేర్చుకోవడానికి ఉద్దేశించిన నిధి) నుంచి నలభై అయిదు రోజుల్లో ఖాతాలో పడాలట. బాగుంది. కాని ఈ నిధి కూడా తొలగింపుకు గురైనవాడికే. రాజీనామా చేసినవాడికి ఇందులోనూ చోటు లేదు.

మొన్న ఒక రాత్రి మా పిన్ని కొడుకు మధురవాడ నుంచి ఫోన్ చేశాడు. ‘అన్నయ్యా, రేపు పదింటికి హెచ్‌ఆర్ రమ్మన్నారు. ఒక లెటర్ మెయిల్ చేశారు, ప్రింట్ తీసుకుని రమ్మంటున్నారు’ అన్నాడు. చదవమన్నాను. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని మొదలుపెట్టాడు. లాగిన్ తీసేయకముందే జీతం చీటీలన్నీ, నియామక ఉత్తరం, పీఎఫ్ పాసుపుస్తకం దించుకోమన్నాను. ఆ రాత్రి పన్నెండు దాకా దించుకున్నాడు. మర్నాడు ఆ గదిలో, కారణం మీరే రాసి ఇవ్వండి, చదువుకుని చెబుతానని అన్నాడట. వాళ్ళు రెండు రోజులు గడువిచ్చారు. అందులో ఒక రోజు అయిపోయింది. ఇవాళ సాయంత్రం మా ఇంటికి వస్తానన్నాడు, మా బావమరిదిని కూడా రమ్మన్నాను.